గండికోట దారిలో గాజు పాత్రలు

గత డిసెంబరులో ఒక సాయంత్రం అస్ర్ నమాజు అనంతరం మా ఇంటికి ఒక ఫోను వచ్చింది. మాట్లాడినది మా పూర్వ విద్యార్థి భార్య. ఆ యువకుడు మా మద్రసాలో దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసి, ఆపై కాలేజీ చదువులు కూడా పూర్తిచేసి, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాది క్రితం బుల్లెట్ కొన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి, రాత్రికి గాని ఇల్లు చేరడం లేదట. "ఆయన నమాజు మానరు, చెడు అలవాట్లు లేవు. కానీ ఆ బండి వాకిలి దాటిన క్షణం నుంచి నా ప్రాణం నా చేతిలో ఉండదు. హజ్రత్ చెబితే వింటారు" అని ఆమె మా ఇంటివారితో చెప్పుకుని కన్నీరు పెట్టుకున్నది.

మేము అతనికి ఫోను చేశాము. వచ్చే ఆదివారం మిత్రులతో గండికోటకు వస్తున్నానన్నాడు. ఫోనులో ఉపదేశించడం కన్నా ఎదురుగా కూర్చుని మాట్లాడడం మేలని తోచింది. గండికోట మా కడపకు 80 కిలోమీటర్ల పైచిలుకు దూరం. "అక్కడే కలుద్దాం" అన్నాము. ఆ మాట విన్న మా ఇంటివారు, "అయితే నేనూ వస్తాను. మీరొక్కరే వెళితే మగవాళ్ళిద్దరూ బండి గురించి మాట్లాడుకుని తిరిగి వస్తారు" అన్నారు.

ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరాము. మా బండి పద్దెనిమిదేళ్ళ నాటి 100 సీసీ వాహనం. దాన్ని ఎక్కి ప్రయాణ దుఆ చదివాము. జుఖ్రుఫ్ సూరాలోని ఆ దుఆలో రెండు విషయాలున్నాయి. ఈ వాహనం మనకు లొంగడం మన శక్తి వల్ల కాదన్నది మొదటిది. చివరకు మనం ప్రభువు వద్దకే మరలిపోవలసినవారమన్నది రెండవది. వాహనమిచ్చిన అల్లాహ్‌కు కృతజ్ఞతా, మరణ స్మరణా ఒకే దుఆలో చేరడం ఎంత అర్థవంతమో రోడ్డు మీదికి వచ్చిన వారికే తెలుస్తుంది.

ఎర్రగుంట్ల చేరేసరికి రోడ్డుకు ఇరువైపులా నాపరాళ్ళ దొంతరలు, వాటిని నునుపు చేసే యంత్రాల చుట్టూ తెల్లటి ధూళి కనిపించాయి. అది దాటి కొంత దూరం వెళితే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. ముద్దనూరు నుంచి జమ్మలమడుగు వైపు తిరిగాక నల్లరేగడి పొలాలు, వాటి నిండా శనగ పైరు. వంకల దగ్గర పల్లంలోకి దిగినప్పుడు చలి ఒక్కసారిగా చుట్టుముట్టేది, మిట్ట ఎక్కగానే ఎండ వెచ్చగా తగిలేది. మా హెల్మెట్ అద్దాన్ని మంచు కమ్మితే రెండుసార్లు ఆగి తుడుచుకున్నాము.

మోటారు సైకిలును మనుషులు ఎందుకింతగా ప్రేమిస్తారో ఆ ఉదయం మాకు మరోసారి తెలిసింది. బస్సులో కూర్చున్నవాడు ఊళ్ళను కిటికీలో నుంచి చూస్తాడు. బండి మీద ఉన్నవాడికి తడి నేల వాసన, చెరకు బండి వాసన, పొయ్యి పొగ వాసన వేర్వేరుగా తెలుస్తాయి. ఆగితే పడిపోయే రెండు చక్రాలు కదిలితే నిలబడతాయి. మలుపులో శరీరాన్ని కూడా బండితో పాటు వంచాలి. రోడ్డు మీది చిన్న గుంతను ముందుగా చేతులే గ్రహిస్తాయి. మనసు మరెక్కడికో పోవడానికి వీలులేని పనులు మనిషికి చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఈ ఆనందాన్ని ధర్మం తప్పు పట్టలేదు. నహ్ల్ సూరా గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను పేర్కొంటూ అవి స్వారీకే గాక శోభకు కూడా అని తెలిపింది. దైవప్రవక్త (స) మదీనాలో గుర్రపు పందేలు నిర్వహించారు. యువకులైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) వాటిలో పాల్గొన్నారని బుఖారీ గ్రంథంలో ఉంది. వేగం పట్ల యౌవనానికి ఉండే మోజును ఇస్లాం ఎరుగును.

అయితే ఆ బండి మీద మా వెనుక మరొకరు కూర్చుని ఉన్నారు. ముద్దనూరులో టీ కోసం ఆగినప్పుడు మా ఇంటివారితో, "దారి ఎంత బాగుందో చూశారా?" అన్నాము. "నాకు మీ వీపు, ఎదురుగా వచ్చే లారీలు తప్ప మరేమీ కనిపించలేదు" అన్నారు.

కాసేపటికి ఇరవై రెండేళ్ళనాటి సంగతి ఒకటి ఎత్తారు. రాయచోటిలో ఒక ధార్మిక సభ ముగించుకుని వస్తూ ఉండగా గువ్వలచెరువు ఘాటులో మా బండి పంక్చరయింది. అప్పట్లో మా వద్ద సెల్‌ఫోను లేదు. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటి ఒంటి గంట అయింది. ఆమె ఏమీ అనలేదు. అన్నం వడ్డించారు. గరిటె పట్టిన చేయి వణుకుతూ ఉంటే చలికి అనుకున్నాము.

"అది చలి కాదు. మన బండి చప్పుడు నాకు రెండు వీధుల అవతలి నుంచే తెలుస్తుంది. ఆ రాత్రి ఇషా తరువాత నలభై ఒక్క బండ్లు పోయాయి. ఒక్కొక్కటీ వింటూ కూర్చున్నాను. ఏదీ మనది కాదు" అన్నారు.

ఇరవై రెండేళ్ళు ఆ లెక్క ఆమె దగ్గరే ఉండిపోయింది. మేము ఎన్నడూ అడగలేదు. టీ గ్లాసు చేతిలోనే చల్లారింది.

జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు వెళితే గండికోట వస్తుంది. ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా చీల్చుకుంటూ పారే చోటు అది. పొరలు పొరలుగా పేర్చినట్లున్న ఎర్రటి బండల అంచున నిలబడితే సుమారు 300 అడుగుల దిగువన నీరు కనిపిస్తుంది. 1650లో గోల్కొండ సైన్యంతో వచ్చిన మీర్ జుమ్లా ఈ దుర్గాన్ని జయించాడు. కోటలో జామియా మసీదు, దాని చెంతనే ధాన్యాగారం, కొద్ది దూరంలో మాధవరాయ ఆలయ గోపురం ఉన్నాయి. గుర్రాల మీద వచ్చినవారు వెళ్ళిపోయారు. ఇప్పుడు వారాంతాల్లో బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ళు వచ్చి కోట వాకిట బారులు తీరుతున్నాయి.

మా విద్యార్థి పది గంటలకు చేరాడు. దాదాపు 280 కిలోమీటర్లు నడిపిన అలసట అతని ముఖంలో కనిపించలేదు. సలాము చెప్పి, మసీదు గోడ నీడలో మా ఎదుట కూర్చున్నాడు. ఎందుకింత దూరం అని అడిగాము. "వారానికి ఐదు రోజులు తెర ముందే గడుస్తాయి హజ్రత్. ఇంటికి వచ్చినా ఫోను వదలదు. బండి మీద ఉన్నప్పుడే నా మనసు నా వద్ద ఉంటుంది. దారి పొడవునా నేను కంఠస్థం చేసిన భాగాలు వల్లె వేసుకుంటాను" అన్నాడు. అబద్ధం చెప్పే పిల్లవాడు కాడు. అతని మాట మా మనసుకు తాకింది.

అయినా చెప్పవలసింది చెప్పాము. ప్రవక్త (స) వారి ఒక ప్రయాణంలో అన్‌జషా అనే సేవకుడు పాట పాడుతూ ఒంటెలను తోలుతున్నాడు. ఆ పాటకు ఒంటెలు వేగం పుంజుకున్నాయి. వాటి మీద స్త్రీలు ఉన్నారు. ప్రవక్త (స) ఆ స్త్రీలను గాజు పాత్రలతో పోల్చి, నెమ్మదిగా తోలమని అతన్ని వారించారు. పాటను తప్పు పట్టలేదు, ఒంటెను దిగమనలేదు. తాను తోలుతున్నది ఎవరినో గుర్తు చేశారు. "నీ భార్య నీ బండి మీద లేకపోయినా ఆమె ప్రాణం దాని మీదే ఉంది" అన్నాము. లెక్కలు కూడా చెప్పాము. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు.

అతను వినయంగా తల వంచుకుని విన్నాడు. తరువాత మా బండి వైపు చూసి, "హజ్రత్, అమ్మగారి హెల్మెట్ ఎక్కడ పెట్టారు? ఎండలో ఉంటే తెచ్చి నీడలో పెడతాను" అన్నాడు.

అమ్మగారికి హెల్మెట్ లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ బండికి ఒకే హెల్మెట్. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ఇద్దరికీ అది తప్పనిసరి అంటున్నది. మేమేమో బురఖా ఉంది కదా, ఊరి దారే కదా అని సరిపెట్టుకున్నాము. 14,337 అన్న నోటితో జవాబు చెప్పలేకపోయాము. ఖైబర్ నుంచి తిరుగు ప్రయాణంలో హజ్రత్ సఫియ్యా (రజి) ఒంటె ఎక్కడానికి ప్రవక్త (స) తమ మోకాలినే మెట్టుగా ఆనించారు. ఈ ఉల్లేఖనాన్ని మేము ఏటా పిల్లలకు బోధిస్తాము.

అతను మరేమీ అనలేదు. లేచి జమ్మలమడుగు వెళ్ళి, మేము జుహ్ర్‌కు వుజూ చేసుకునేలోగా ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ తెచ్చాడు. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతంగా అతని చేతిలో పెట్టాము. ఆ బాధ్యత మాది.

నమాజు తరువాత మా ఇంటివారే ఆ అమ్మాయికి ఫోను కలిపారు. ముందుగా, "ఆయన బండి చప్పుడు నీకు ఎంత దూరం నుంచి తెలుస్తుందమ్మా?" అని అడిగారు. అవతల నుంచి వచ్చిన జవాబు విని నవ్వి, ఫోను అతనికి అందించారు. అతను దూరంగా వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చి, "నన్ను ఒక్కసారైనా రమ్మనలేదు అంటున్నది. భయపడుతుందని నేను అడగలేదు హజ్రత్" అన్నాడు.

అక్కడే కొన్ని నిర్ణయాలు జరిగాయి. ఫజ్ర్‌కు ముందు బయలుదేరరాదు, మగ్రిబ్‌లోగా ఇల్లు చేరాలి. ఆగిన ప్రతిచోటి నుంచీ కబురు పంపాలి. "అలాగైతే గండికోట ఒక్కరోజులో కుదరదు" అన్నాడు దిగులుగా. కుదరకపోతే దగ్గరి చోటు చూసుకోమన్నాము. బండి అమ్మమని పట్టుబట్టవద్దని, నడుపుతూ ఉండగా ఫోను చేయవద్దని మా ఇంటివారు ఆ అమ్మాయికీ చెప్పారు. నెలకు ఒక ఆదివారం ఆమె కోరిన చోటికి, ఆమెతో కలిసి వెళ్ళాలి.

తిరుగు ప్రయాణంలో మా ఇంటివారు పెద్దగా మాట్లాడలేదు. ముద్దనూరు దాటాక, "శనగ చేలు పూతకు వచ్చాయి" అన్నారు. వేగం తగ్గించాము. ఆ రాత్రి ఇషా తరువాత బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి గొంతులో ఏడుపు లేదు. అల్‌హమ్దులిల్లాహ్.

సోదరులారా, స్వారీ అల్లాహ్ అనుగ్రహం. మీ కోసం చెవి ఒగ్గి ఎదురుచూసే మనిషి కూడా ఆయన అప్పగించిన అమానతే. తాళం చెవి తీసుకునే ముందు ఆమె ముఖంలోకి ఒకసారి చూడండి. ఎన్ని బండ్లు లెక్కపెట్టిందో అడగండి. ఆ మాట అడగడానికి మాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. బయలుదేరిన ప్రతి ఒక్కరినీ అల్లాహ్ క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.