గంటకి పది రూపాయలు

1996లో నన్ను మా కొల్లేటి లంక ఊరి నుంచి తెచ్చి ఏలూరులో మేనత్తగారింట్లో పెట్టారు, ఆరో తరగతి చదువుకోమని. చదువుకంటే ముందు నాకు దొరికింది పవర్‌పేట స్టేషను వైపున్న ఒక గది. గోనె పరదా, లోపల రెండు పోర్టబుల్ టీవీలు, వాటి కింద నల్లటి ప్లాస్టిక్ పెట్టెలు. అరగంటకి మూడు రూపాయలు. మేం దాన్ని టీవీ గేమ్ అనేవాళ్ళం. ఆట ఉండే దిమ్మని క్యాసెట్టు అనేవాళ్ళం. ఆడకపోతే తీసి, కింద ఉన్న సందులో ఉఫ్‌మని ఊది మళ్ళీ గుచ్చాలి. క్యాసెట్టు మీద 9999 ఆటలని ఉండేది. లెక్కపెడితే తేలేవి నాలుగు: మారియో, కాంట్రా, బాతుల వేట, ఇంకో బండి ఆట. మిగతావన్నీ వాటికే మారుపేర్లు.

ఆ పెట్టె జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకలని నాకు ఇరవై ఏళ్ళు దాటాక గాని తెలీలేదు. పదమూడేళ్ళ పాత సరుకుని మేం కొత్తదనుకుని ఆడాం. హాయిగానే ఆడాం, అది వేరే సంగతి.

మరుసటేడు కాలవకి అవతల రెండో షాపు తెరిచారు. బయట పలక మీద సుద్దతో రాశారు: ‘16 బిట్లు’. మాకు తెలిసిన బిట్లంటే పబ్లిక్ పరీక్షల్లో బిట్ పేపరు ఒక్కటే. పవర్‌పేట షాపాయన్ని అడిగితే, “ఎనిమిది బిట్లు కరెక్టుగా పెట్టినోడు పాసవ్వడా ఏంటి, కూర్చోండ్రా” అన్నాడు. కానీ మేం కాలవ దాటేశాం. అక్కడున్నది సెగా. జపాన్‌లో 1988లో వచ్చిన పెట్టె. తొంభైల్లో దాన్ని మన దేశంలో అమ్మింది షా వాలెస్ వాళ్ళు. మందు కంపెనీగా మన పెద్దలకి బాగా తెలిసిన పేరే. రంగులు చూసి కళ్ళు తిరిగాయి. అరగంటకి ఐదు రూపాయలు చూసి జేబు తిరిగింది.

1999 వేసవిలో పవర్‌పేట ఆయన పగ తీర్చుకున్నాడు. బూడిదరంగు ప్లేస్టేషన్ తెచ్చాడు, మద్రాసు బర్మా బజారు నుంచి. క్యాసెట్టు లేదు, సీడీ. టెక్కెన్ 3 పెడితే గదిలో నిలబడ్డానికి చోటుండేది కాదు. గంటకి పదిహేను. రెండు వారాలు తిరక్కుండానే కాలవ అవతలాయన కూడా ఒకటి తెచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా పలక తుడిచి ‘గంట 10’ అని రాసి లోపలికెళ్ళి కూర్చున్నాడు. సాయంత్రానికి పవర్‌పేట షాపు ఖాళీ.

సరిగ్గా ఇదే నాటకం అంతకు నాలుగేళ్ళ ముందు అమెరికాలో జరిగిందని తర్వాత చదివి నవ్వుకున్నాను. 1995 మే నెల, లాస్ ఏంజెలెస్‌లో వీడియో గేముల ప్రదర్శన. సెగా వాళ్ళు తమ కొత్త పెట్టె సాటర్న్ ధర 399 డాలర్లని ప్రకటించారు. కాసేపటికి ప్లేస్టేషన్ చేసిన సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి “299” అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. మా కాలవ గట్టు ఆయనకి ఆ కథ తెలిసే అవకాశం లేదు. వ్యాపారం తెలుసంతే.

నింటెండో 64 సంగతి కూడా చెప్పాలి. తాడేపల్లిగూడెంలో మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. నేను బస్సెక్కి పరిగెత్తాను. అది 110 వోల్టులదన్న ఆలోచన లేక అన్నయ్య పిన్ను మార్చి నేరుగా గోడకి గుచ్చాడు. టప్ మంది, కమురు వాసన. వేరే అడాప్టరూ, ట్రాన్స్‌ఫార్మరూ సంపాదించేసరికి పది రోజులు. అప్పుడు బొమ్మ వచ్చింది, నలుపు తెలుపులో! అమెరికా టీవీల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. “ఇంత దూరం నుంచి తెచ్చి దూరదర్శన్ చూపిస్తున్నావేంట్రా?” అంది పెద్దమ్మ. విసుగొచ్చి అందరం రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి రన్‌వే మీదికి క్రికెట్‌కి పోయాం.

బొమ్మ రంగుల్లో వచ్చినా మా దగ్గర అది నిలిచేది కాదు. క్యాసెట్టుకి నకలు తీయడం మావాళ్ళ తరం కాదు. నకలు సీడీలు ఆడేలా చిప్ వేయించిన ప్లేస్టేషన్‌కైతే యాభై రూపాయలు పెడితే ఏ ఆట సీడీ అయినా వచ్చేది. ఏ పెట్టెలో ఎంత సత్తువ ఉందన్నది కంపెనీల గోల. మా ఊళ్ళలో గెలుపు తేల్చింది ఆ యాభై రూపాయలే. తప్పే, కాదనను.

2004లో మా బాబాయికి చేపల చెరువు కలిసొచ్చింది. కలకత్తా లారీతో లెక్క చూసుకుని పిల్లల కోసం ప్లేస్టేషన్ 2 కొన్నాడు. లంకలో అదొక్కటే. వైస్ సిటీ ఆడుతుంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, కాబట్టి ఆటలో మన ఇల్లు కనిపించిన ప్రతిసారీ ఆగి మెమరీ కార్డులో దాచుకునేవాళ్ళం. ఎనిమిది ఎంబీల కార్డు. అందులో తమ్ముడి ఆట నేను చెరిపేశానని వాడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

2006లో కొల్లేరు ఆపరేషన్ వచ్చింది. అయిదో కాంటూరు లోపల, అంటే సరస్సుగా లెక్కకట్టిన చోట, కట్టిన చేపల చెరువు గట్లన్నీ పొక్లెయిన్లతో తెగ్గొట్టారు. బాబాయి గట్టు మీద నిలబడి చూశాడు. “సరస్సులో కట్టిందే కదరా, ఎప్పటికైనా పోయేదే” అన్నాడు, కానీ ఆ రాత్రి అన్నం తినలేదు. అదే ఏడు సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ 360 మన దేశంలో దిగింది. మరుసటేడు ప్లేస్టేషన్ 3, ధర 39,990 రూపాయలు. పేపర్లో ఆ ప్రకటన తమ్ముడు చూపిస్తే బాబాయి కళ్ళజోడు సర్దుకుని అంకె రెండుసార్లు చదివాడు. “దీంతో చేపపిల్లలు ఎన్నొస్తాయో తెలుసా?” అని మడిచి ఇచ్చేశాడు.

ప్రపంచమంతా కొత్త పెట్టెలకి పోయాక, 2009లో హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ వాళ్ళు ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేశారు. పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి ప్లేస్టేషన్ ఆటగా దాని పేరు చెబుతారు. చేసింది ప్లేస్టేషన్ 2కే. గొప్ప ఆటేం కాదు. కానీ మన ఇళ్ళలో ఏ పెట్టె ఉందో వాళ్ళకి తెలుసు. సోనీ ఆ పెట్టెని 2013 మొదటి దాకా అమ్మకానికి తయారుచేస్తూనే ఉంది, పుట్టిన పదమూడేళ్ళ దాకా.

బాబాయిది మాత్రం 2007లోనే ఇల్లు దాటింది. పవర్‌పేట ఆయనే రెండున్నర వేలకి కొన్నాడు. నేనే సైకిల్ మీద తీసుకెళ్ళి ఇచ్చాను. మెమరీ కార్డు తీసి ఇవ్వమంటే, “అది లేకపోతే ఎవడు కొంటాడు అబ్బాయ్” అన్నాడు. తమ్ముడు మళ్ళీ ఆడి దాచుకున్న ఆట అందులోనే పోయింది. ఆ పెట్టె ఆయన షాపులో ఇంకో నాలుగేళ్ళు తిరిగింది, గంటకి పది రూపాయలకే.