సియాటిల్‌లో గీతల పాఠం

సియాటిల్‌లో లేక్ యూనియన్ ఒడ్డున ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ సెంటర్ ఉంది. 1964లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిన బేస్‌బాల్ ఆటగాడి పేరది. సెంటర్‌ని స్థాపించింది సర్జన్ అయిన ఆయన అన్న. కేస్-కోహార్ట్ పద్ధతిని 1986లో ప్రతిపాదించిన రాస్ ప్రెంటిస్ ఇక్కడివారే. మా మేనకోడలు గణాంకాల పని చేసే ఆఫీసు ఆ దగ్గర్లోనే. కొత్తగా చేరినవాళ్లకి శిక్షణ ఉందంటే నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను.

పాఠానికి తీసుకున్నది విల్మ్స్ ట్యూమర్ డేటా. చిన్నపిల్లల మూత్రపిండానికి వచ్చే క్యాన్సర్ ఇది. మొత్తం 4,028 మంది పిల్లలు. 571 మందికి జబ్బు తిరగబెట్టింది. కణజాలం స్లైడును స్థానిక ఆస్పత్రి చూస్తుంది, తర్వాత కేంద్ర ల్యాబు చూస్తుంది. కేంద్ర ల్యాబు మాటే నమ్మకం, కానీ అందరి స్లైడ్లూ చూపించాలంటే ఖర్చు. అందుకని లాటరీ తీసి 668 మందిని ఎంచుకుని, తిరగబెట్టినవాళ్లలో లాటరీలో రానివాళ్లందరినీ కలుపుకుంటే 1,154 మంది అవుతారు. కేస్-కోహార్ట్ పద్ధతి అంటే ఇదే.

చిక్కు అక్కడే. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ల శాతం కాలంతో ఎలా తగ్గుతుందో చూపే గీతని మేనకోడలు ముందు తూకాలేమీ వేయకుండా గీసింది. గీత మెట్లు మెట్లుగా దిగి సగం దగ్గర ఆగింది. నిజానికి తిరగబెట్టింది ఏడుగురిలో ఒకరికే!

"మగపెళ్లివారందర్నీ పిలిచి, ఆడపెళ్లివారిలో ఆరుగురికి ఒకర్ని పిలిచామనుకో. పందిట్లో తలలు లెక్కపెట్టి ఎవరి బలగం పెద్దదో చెప్తామా మావయ్యా?" అంది.

తిరగబెట్టని 3,457 మందికి గాను చేతిలో ఉన్నది 583 మందే కనక, వాళ్లలో ఒక్కొక్కరికీ 5.93 తూకం, తిరగబెట్టినవాళ్లకి 1. ఆ తూకాలతో కాక్స్ మోడల్ (తిరగబెట్టే ముప్పుని స్టేజి, వయసు లాంటి వాటితో ముడిపెట్టే లెక్క) నడిపి గీస్తే గీత 85 శాతం చుట్టుపక్కల నిలబడింది. నిజానికి ఈ డేటాలో అందరి స్లైడ్ల ఫలితాలూ ఉన్నాయి. 4,028 మందితో గీసిన గీతతో సరిచూసుకోవచ్చు. నేర్పడానికి దీన్ని వాడేది అందుకే.

అసలు తగవు ఆ తర్వాత వచ్చింది. స్లైడును బట్టి కణజాలం మంచి రకం, చెడ్డ రకం అని రెండు. వాటిని పోల్చాలంటే స్టేజి, వయసు తేడాలు సరిచేయాలి. ఒక కుర్రాడు సగటు వయసు, సగటు స్టేజి ఇచ్చి రెండు గీతలు గీశాడు. స్టేజి రెండూ కాక మూడూ కాక ఉన్న బిడ్డ ఏ వార్డులో దొరుకుతుంది? అందుకే ప్రతి బిడ్డ స్టేజి, వయసు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఒకసారి మంచి రకం అనుకుని, మరోసారి చెడ్డ రకం అనుకుని మోడల్‌తో గీత వేయించాలి. అప్పుడు ఆ గీతలకి సగటు తీయాలి. ఆ సగటులో కూడా 5.93 పడాలి. మోడల్‌లో ఒకసారి వేశాం కదా అని ఇక్కడ వదిలేస్తే, తిరగబెట్టిన పిల్లల స్టేజిలే బరువెక్కి రెండు గీతలూ కిందికి జారతాయి. గదిలో చాలామంది పప్పులో కాలేసింది ఇక్కడే.

గీతకి అటూ ఇటూ వేసే అనిశ్చితి పట్టీ సంగతీ అంతే. తూకాన్ని తలల లెక్క అనుకుంటే 583 మంది 3,457 మందిలా చలామణీ అయిపోతారు, పట్టీ అన్యాయంగా సన్నబడుతుంది. గ్రాఫు కింద వేసే 'ఇంకా పరిశీలనలో ఉన్నవారు' వరసలో అసలు తలలా, తూకం వేసినవా అని వాదన నడిచింది. రెండూ వేయాలనే నేనంటాను.

వైద్య పత్రికలో కేస్-కోహార్ట్ గీత కనిపిస్తే, తూకం మోడల్‌కొక్కదానికేనా, సగటుకి కూడా వేశారా అని వెతకండి. ఆ ముక్క రాయకపోతే గీతని నమ్మకండి.