ఐరేని కుండలు

కృష్ణాడెల్టాలో గుడివాడ ప్రాంతమున, వరిచేల నడుమనున్న గ్రామము పెదపారుపూడి. ఇట్టి పల్లెలలో పెండ్లి కుదిరినప్పుడు పురోహితునితోపాటు కుమ్మరికిని కబురు పంపుట ఆచారము. ఐరేని కుండలు లేనిదే పెండ్లిపందిరికి నిండుదనము లేదు. వీనినే కొందఱు అరివేణి కుండలందురు.

కుండ పుట్టుక సులభమైనది కాదు. కుమ్మరి చెఱువుమట్టిని తెచ్చి, యెండబెట్టి, నలుగగొట్టి, రాళ్ళను వేళ్ళను ఏఱివేయును. నీట నానవైచి, సన్నని యిసుక కలిపి, కాళ్ళతో త్రొక్కి మెత్తబఱచును. చిన్న గులకరాయి మిగిలినను ఆవములో కుండ పగులవచ్చును. ముద్దను సారెపైనుంచి, సారెను కఱ్ఱతో గిఱ్ఱున త్రిప్పి, వ్రేళ్ళతో మూతిని మెడను తీర్చును. అప్పటికి కుండకు గుండ్రని అడుగు ఏర్పడదు. కొంత ఆరిన పిమ్మట లోపల రాతిగుండును ఆనించి, వెలుపల చెక్కతో తట్టుచు అడుగును మూయును. దెబ్బ మించిన చిల్లిపడును. తగ్గిన మందముగా నిలిచిపోవును. ఆ కొలత గ్రంథములలో దొరకదు. తండ్రి చేతిని చూచి కొడుకు నేర్చుకొనవలసినదే.

కాలిన కుండలకు సున్నము పూసి, ఆ తెలుపుపై రంగులతో చుక్కలను, తీగలను, పువ్వులను చిత్రింతురు. పెండ్లివారు మేళతాళములతో కుమ్మరి యింటికేగి, బియ్యము, వస్త్రము మొదలగునవి ఇచ్చి కుండలను తెచ్చుకొందురు. ఏడాది పొడుగున కుండలు మోసికొని యింటింటికి తిరిగిన వాని గుమ్మమునకు ఆనాడు ఊరిపెద్దలే వత్తురు. నవధాన్యములను మొలకెత్తించు పాలికలును వాని చేతివే.

మట్టికి ఇట్టి గౌరవము మన దేశముననే కాదు. అమెరికాలోని న్యూమెక్సికోలో నివసించు జూనీ జాతివారు సారె లేకయే, మట్టిని త్రాళ్ళవలె చేసి, చుట్టలుగా పేర్చి పాత్రలను మలతురు. వానిపై లేడిని చిత్రించి, దాని నోటినుండి గుండెవఱకు ఎఱ్ఱని గీత గీయుదురు. రాతితో చిన్న చిన్న జంతువులను చెక్కి, వానియందు రక్షకశక్తి కలదని నమ్ముదురు. వారి పాత్రకైనను, మన ఐరేని కుండకైనను, గౌరవము మట్టి వెలనుబట్టి వచ్చినది కాదు.

అయినను గౌరవము ఒక్కనాటిది. ఆకలి ప్రతిదినము కలుగునది. అల్యూమినియము, స్టీలు, ప్లాస్టిక్ పాత్రలు వచ్చిన పిదప వంటయింట కుండకు చోటు తగ్గినది. కుమ్మరి బిడ్డలు పెక్కురు పట్టణములలో వేఱు పనులు వెదకికొనుచున్నారు. దినదినము కుండ నడుగువారు లేనిచో సారె తిరుగదు. సారె నిలిచిన యింట ఐరేని కుండయు పుట్టదు.

మట్టికుండలోని నీరు సన్నని రంధ్రములగుండ చెమర్చి, ఆవిరియగుచు, లోని వేడిమిని కొనిపోవును. అందుచేతనే అది వేసవిలో చల్లగా నుండును. పెండ్లినాడు కుండకు మ్రొక్కిన చేతులు వేసవి రాగానే ఒక నీళ్ళకుండను కొన్నచో, ఆ మ్రొక్కు సార్థకమగును.