తోలోలింగ్ వాలు, ద్రాస్ గోడ

లద్దాఖ్‌లోని ద్రాస్ ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, శ్రీనగర్–లేహ్ రహదారి పక్కనే భారత సైన్యం నిర్మించిన కార్గిల్ యుద్ధ స్మారకంలో అడుగుపెట్టినవారి చూపు ముందుగా ఇసుకరాతి గోడ మీదికే పోతుంది. 1999 వేసవిలో ఈ కొండల్లో ప్రాణాలు విడిచినవారి పేర్లు ఆ గోడ మీద ఉన్నాయి. జనం దాని ముందు వెలిగే జ్యోతికి దండం పెట్టి, ఫొటోలు దిగి, అక్కడ ఉంచిన బోఫోర్స్ ఫిరంగి దగ్గరికి సాగిపోతారు. గోడ వెనుక ఆకాశాన్ని సగం ఆక్రమించి నిలిచిన బోడికొండే తోలోలింగ్ అని ఎవరైనా చెప్పినా, తల ఎత్తి దానిని రెండు నిమిషాలు చూసేవారు తక్కువ. అయితే ఈ యుద్ధానికి మిగిలిన అసలైన దస్తావేజు ఆ కొండే.

సైనిక పటాలలో పేరులేని శిఖరాలను వాటి ఎత్తును బట్టి, మీటర్ల లెక్కన, ‘పాయింట్’ అని గుర్తిస్తారు. తోలోలింగ్ మీది పాయింట్ 4590 నుండి కింది రహదారి స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, అక్కడ దూరదర్శినితో కూర్చున్న ఒక్క మనిషి లేహ్‌కు పోయే సైనిక వాహనాల మీద ఫిరంగి గుండ్లు ఎక్కడ పడాలో చెప్పగలడు. చలికాలంలో ఎత్తయిన కాపలా స్థావరాలను ఖాళీ చేసే అలవాటును ఆసరా చేసుకొని నియంత్రణ రేఖ దాటి వచ్చిన పాకిస్తాన్ నార్దర్న్ లైట్ ఇన్‌ఫంట్రీ సైనికులు ఇక్కడ సంగర్లు, అంటే మట్టీ సున్నమూ లేకుండా రాళ్లు పేర్చిన అడ్డుగోడలు, కట్టుకున్నారు. వారికి ఎదురుగా ఎక్కవలసిన వాలు మీద చెట్టు లేదు, చాటు లేదు. మే నెల చివరి నుండి 18వ గ్రెనేడియర్స్ బెటాలియన్ పదేపదే ఈ వాలు ఎక్కబోయి, మేజర్ రాజేశ్ అధికారిని, లెఫ్టినెంట్ కల్నల్ ఆర్. విశ్వనాథన్‌ను, ఇంకా ఎందరినో పోగొట్టుకుంది. చివరకు జూన్ 13న 2వ రాజ్‌పుతానా రైఫిల్స్ శిఖరాన్ని చేజిక్కించుకుంది. ఆ తొలి వారాలలో చాలామందికి మంచుకొండలకు తగిన దుస్తులు, బూట్లు లేవు. వాలును చూస్తూ ఈ మాట తలచుకుంటే గర్వం కన్నా ముందు కోపమే వస్తుంది, అది అనుచితమైన భావమేమీ కాదు.

బూట్ల ప్రస్తావన శిఖరాన్ని గెలిచిన ఆ రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్ చరిత్రలోనే మరో విధంగా మళ్లీ వస్తుంది. జూన్ 28 రాత్రి తోలోలింగ్‌కు దగ్గరలోని త్రీ పింపుల్స్ అనే శిఖరాల గుంపు మీద జరిగిన దాడిలో, నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ నెయికెఝాకువో కెంగురుసే నిలువురాతి మీద పట్టు దొరకక బూట్లు విప్పేసి, అప్పటికే గాయపడిన శరీరంతో, రాకెట్ లాంచర్ మోసుకుంటూ ఆ చలిలో వట్టి కాళ్లతో ఎగబాకాడు. హైదరాబాద్‌లో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య అదే రాత్రి తన కంపెనీని, అంటే సుమారు వందమంది దళాన్ని, నడిపిస్తూ తీవ్రంగా గాయపడి, తనను అక్కడే వదిలి ముందుకు సాగమని ఆజ్ఞాపించాడు. ఇద్దరికీ మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. ఆ రాత్రే నేలకొరిగిన కెప్టెన్ విజయంత్ థాపర్‌కు 22 ఏళ్లు. స్మారకంలో వీరభూమి అని పిలిచే ఆవరణలో అమరుల పేరిట వరుసగా ఫలకాలు నిలిపారు. సందర్శకులలో ఎక్కువమంది మాత్రం కథ సినిమాగా వచ్చిన కెప్టెన్ విక్రమ్ బాత్రా ఫలకాన్ని వెతుక్కుంటారు. ఆయన కీర్తికి అది తక్కువ కాదు గాని, తక్కిన రాళ్లకు న్యాయమూ కాదు.

ఆ వరుసల దగ్గర, శ్రీకాకుళం వైపు యాసలో, పదవీ విరమణ చేసిన ఒక ఫిరంగిదళం హవల్దారు తన వెంట వచ్చినవారితో గొణుగుతుండడం వినిపించింది: అందరూ శిఖరాల పేర్లే అడుగుతారు తప్ప, గన్నులు ఎక్కడ నిలబెట్టారో అడిగేవాడు ఒక్కడూ లేడని. ఆ ఫిర్యాదు సబబైనదే. మామూలుగా ఫిరంగి కంటికి కనబడని లక్ష్యం మీదికి, మధ్యలోని కొండ మీదుగా గుండును విసురుతుంది. టైగర్ హిల్ అనే మరో శిఖరం కోసం జరిగిన పోరులో మాత్రం బోఫోర్స్ ఫిరంగులను శిఖరం నేరుగా కనబడేంత ముందుకు తెచ్చి, కంటితో గురిచూసి కాల్చారు, ఆ పని చేసిన సిబ్బంది శత్రువుకు కూడా అంతే నేరుగా కనబడ్డారు. యుద్ధమంతటిలో రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు ప్రయోగించారు. అవి పేలిన చోట్లు గాని, ఆ ఫిరంగులు నిలిచిన మిట్టలు గాని నేల మీద చూపించే గుర్తేదీ సామాన్య యాత్రికుడి కంటపడదు.

తెలుగు నేలమీది వీరగల్లులతో, అంటే పోరులో పడినవాడి కోసం ఊరివారు నిలిపిన శిలలతో, ఈ ఫలకాలను పోల్చి చూడవచ్చు. వీరగల్లు మీద తరచు పేరే ఉండదు, కాని పశువుల మందను మళ్లించబోయిన దొంగలను ఎదిరించాడో, పులితో తలపడ్డాడో, చేతిలో ఏ ఆయుధం పట్టుకున్నాడో బొమ్మలో కనిపిస్తుంది. పల్నాడులోని కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరారాధనలో కొణతాలకు, అంటే వీరుల ఆయుధాలకు, పూజ చేయడంతో సరిపెట్టరు, పంతాలతో, తప్పులతో సహా పల్నాటి యుద్ధపు తగవు మొత్తాన్ని వీరవిద్యావంతులు పాడతారు. ద్రాస్ ఫలకం పేరును నిలుపుతుంది, తగవును దాటవేస్తుంది.

ఆ తగవు రాతపూర్వకంగా లేకపోలేదు. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన కార్గిల్ సమీక్షా సంఘం, చొరబాటు పూర్తిగా అనూహ్యంగా జరిగిందని, గూఢచర్య వ్యవస్థలో లోపాలున్నాయని తేల్చింది. ఆ నివేదికలో కొన్ని భాగాలను భద్రతా కారణాలతో మినహాయించి 2000లో పార్లమెంటు ముందు పెట్టారు. బటాలిక్ ప్రాంతంలో చొరబాటుదారులను మొదట గమనించి సైన్యానికి చెప్పినవాడు తప్పిపోయిన జడలబర్రెను వెతుకుతూ కొండెక్కిన తాషి నంగ్యాల్ అనే పశువుల కాపరి. తూటాలు, రొట్టెలు, నీళ్లు వీపున మోసి పైకి చేర్చినవారిలో ఈ లోయల గ్రామస్థులు ఎందరో ఉన్నారు. పాకిస్తాన్ తనవారని ఒప్పుకోవడానికి మొదట నిరాకరించిన ఎందరో సైనికులను భారత సైనికులే ఈ కొండల్లో ఖననం చేశారు. ఇవేవీ పేర్ల పట్టికలో ఇమిడే సంగతులు కావు.

2025 జనవరిలో రక్షణ శాఖ, పర్యాటక శాఖలు ‘భారత్ రణభూమి దర్శన్’ పేరిట యుద్ధక్షేత్రాలను యాత్రికులకు తెరిచే కార్యక్రమాన్ని ఆరంభించాయి. దారి వేయడం, వాహనాలు నిలిపే చోటు చదును చేయడం అందులో సులువైన పనులు. కష్టమైనది సంగర్ల వంటి ఆనవాళ్లు చెరిగిపోకముందే వాటిని గుర్తించి నమోదు చేయడం. సున్నం లేని రాతికట్టు మంచు పట్టి కరిగే వాలు మీద ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పలేము కాబట్టి, యాత్రికుల కంటే ముందు ఆ వాలు ఎక్కవలసినవారు సర్వే సిబ్బంది, వారి పక్కన ఆనాడు అదే వాలు ఎక్కినవారు. 1999లో ఇరవై రెండేళ్లున్న జవాను ఇప్పుడు యాభై దగ్గర ఉన్నాడు. ఏ సంగర్ ఎటు తిరిగి ఉండేదో, ఏ అరుగు దగ్గర ఎవరు ఆగిపోయారో వేలు పెట్టి చూపగలవాడు అతనే, అయితే ఆ ఎత్తు ఎక్కగలిగే వయసు అతనికి ఇక ఎంతో కాలం ఉండదు.