నలుగురిలో అన్న మాట

ఈరోజు మిరప రేటు గురించి కాదు, వేరే సంగతి. కాస్త ఓపిగ్గా చదవండి.

మా చిన్నోడు పెళ్ళిళ్ళకి డీజే కొడతాడని మీలో చాలామందికి తెలుసు. సంక్రాంతికి నలుగురిలో వాణ్ణి "మీటలు నొక్కడం కూడా ఒక పనేనా" అన్నాను. అప్పట్నుంచి మాటల్లేవు. మొన్న రాత్రి కల్లం కాపలాలో ఉంటే వాడి దగ్గర్నుంచి ఒక వీడియో వచ్చింది. ముక్క రాయలేదు, వీడియో ఒక్కటే.

అమెరికా, లాస్ ఏంజెలెస్, 2009. సుమారు 60 మంది వయొలిన్లు, బాకాలు పట్టుకుని కూర్చున్నారు. వాయించేది డెట్రాయిట్ కుర్రాడు జె డిల్లా సంగీతం. హిప్ హాప్ అంటారే, అది. ఆయన పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి, ఎంపీసీ అనే పెట్టెలో పెట్టి, వేళ్ళతో నొక్కి తాళం కట్టేవాడు. తాళం అటూ ఇటూ జరిగితే మిషనే సర్దగలదు, ఆయన చాలాసార్లు సర్దనిచ్చేవాడు కాదు. మిషన్ నాట్లకీ మన ఆడవాళ్ళు వేసే నాట్లకీ తేడా ఉంటుంది చూడండి, అలాగ.

2006లో జబ్బుతో పోయాడు. 32 ఏళ్ళు నిండి మూడు రోజులే. ఆస్పత్రిలో కూడా ఆ పని మానలేదు. మిగెల్ ఆట్‌వుడ్ ఫెర్గూసన్ అనే ఆయన ఆ తాళాలన్నీ అంతమంది వాయించేట్టు రాసి, దానికి డిల్లా తల్లి పేరు పెట్టాడు. ఆ పెట్టె ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

వీడియో రెండుసార్లు చూశాను. ఆ తల్లి వీటిని ఎట్లా విని ఉంటుందో అనిపించింది.

ఈ పోస్టు మావాడు చూస్తాడు. అందుకే నలుగురిలోనే రాస్తున్నా. ఆ మాట అనకుండా ఉండాల్సింది, నానీ.