మందిరం కంచె దగ్గర తంగేడు



బాసరలో గోదావరి ఒడ్డు నల్లరేగడి వేరు, మా మందిరం ఉన్న మొరం మెట్ట వేరు. ఇక్కడ ఎండాకాలం మల్లె నిలువదు. అందుకే కంచె వెంబడి తంగేడు వేశాం. గింజ పెంకు గట్టిది; కాగిన నీళ్లలో వేసి రాత్రంతా నాననిస్తేనే మొలిచింది. మొదటి ఏడు బిందెలతో నీళ్లు పోశాం, తర్వాత అవసరం పడలేదు. మేకలు ముట్టవు.

మా తాతలు దీని చెక్కనే లందలో వేసి తోళ్లు పదును చేసేవారు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? యొప్పేలో పేతురు దిగింది చర్మకారుడి ఇంట్లోనే కదా.

బతుకమ్మ దినాల్లో ఊరి ఆడబిడ్డలు వస్తే పువ్వులు కోసుకోనిస్తాం. మిగిలినవి నీడన ఎండబెట్టి కషాయానికి దాస్తాం.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. షుగరుకు ఈ పువ్వు మంచిదని పెద్దలు అనే మాటను ప్రార్థన కూడికలో సాక్ష్యంలా చెప్పుకున్నాం. అది నమ్మి ఒక అమ్మ మాత్రలు మానేసింది. నెల తిరగకముందే కాలి మీది చిన్న పుండు ముదిరి, నిర్మల్ తీసుకుపోయి దవాఖానలో చేర్చాం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే బరువుగా ఉంది.

యెషయా 38లో హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు 15 ఏండ్ల ఆయుష్షు ఇచ్చాడు. అయినా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు. ఎన్నిసార్లు చదివామో, ఆ ముద్ద దగ్గర ఎన్నడూ ఆగలేదు.

ఆ అమ్మ ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. ఎవరైనా పువ్వులు అడిగితే ముందు డాక్టరు చీటీ చూపించమంటున్నాం.