కాలితో తొక్కే మిషనే మేలు!

‘లేడీస్ టైలర్’ అనగానే మీకు వంశీ, రాజేంద్రప్రసాద్, 1986వ సంవత్సరం గుర్తొస్తాయి. నాకు మాత్రం మా అమ్మ గుర్తొస్తుంది. ఎంచేతంటే మా తెనాలి ఇంట్లో అసలు సిసలు లేడీస్ టైలర్ ఆవిడే! సినిమాలో సుందరం ఒట్టి బద్ధకిష్టి. మా అమ్మకి బద్ధకించే తీరుబడి ఏనాడూ లేదు. నాన్న పోయాక ఇంటద్దె, మా ఇద్దరి చదువులు, అన్నీ ఆ నల్లటి ఉషా మిషను మీదే నడిచాయి. నా బి.ఏ. ఫీజు కూడా ‘జాకెట్టుకింత’ అని లెక్కేసి కూడబెట్టిందే.

1987లో అమ్మ పెళ్ళికి తాతయ్య కొనిచ్చిన మిషను అది. దాని టకటకలు వింటూనే మేం నిద్రపోయేవాళ్ళం. చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది!

తర్వాత నేను హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్లో ఓ గది అద్దెకు తీసుకుని, సినిమా వ్యాసాలు రాసుకుంటూ బతుకుతున్నాను. నాలుగేళ్ళ కిందట మొదటిసారి చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా అని ఎలక్ట్రానిక్ కుట్టుమిషను కొనుక్కెళ్ళాను. ఆహా, దాని వైభోగం! బొత్తాం నొక్కితే రకరకాల కుట్లు. కాజాలు దానంతటదే వేస్తుంది. సూది ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది.

నిజం చెప్పొద్దూ? మోకాళ్ళ నొప్పులు సగం కారణమే. మిగతా సగం నా డాబు. ‘పత్రికల్లో రాసేవాడి తల్లి ఇంకా మిషను తొక్కుతోందట’ అని నలుగురూ అనుకుంటారేమోనని నా బెంగ. పాత మిషనుకి పాత ఇనుమువాడితో బేరం కూడా ఆడేశాను.

“ఉండనీరా, అదేమైనా నిన్ను అన్నం పెట్టమందా?” అని అమ్మ దాన్ని మూలకి జరిపి పాత చీర కప్పింది.

ఆ తర్వాతి ఏడాది శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సిన జాకెట్లు ఇరవై రెండు. సోమవారం పొద్దున కొత్త మిషను తెర మీద ఏదో అంకె వెలిగింది. అంతే! సూది కదలదు. విజయవాడలో సర్వీసు సెంటరుకి మోసుకెళ్ళాను. “లోపల బోర్డు పోయింది సార్. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అయ్యుంటుంది. కొత్తది రావాలంటే నెల పడుతుంది” అన్నారు. దాని ధర వింటే మిషను ధరలో సగం!

తల వేలాడేసుకుని ఇంటికొచ్చేసరికి అమ్మ పాత చీర తీసేసింది. చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, చక్రం చేత్తో తిప్పుతోంది. సాగిపోయిన తోలు బెల్టుని కాస్త కోసి మళ్ళీ కొక్కెం బిగించింది. బాబిన్ కేసు ఊడదీసి దాని చుట్టూ పేరుకున్న నూగు దులిపింది. అరగంట పట్టిందంతే. టకటకటక! గురువారం సాయంత్రానికి ఇరవై రెండు జాకెట్లూ వెళ్ళిపోయాయి.

ఆ మూడు రోజులూ ఆ మిషనుని ముప్పయ్యేళ్ళలో మొదటిసారి పరీక్షగా చూశాను. సూది దారాన్ని కిందకి దింపి చిన్న ఉచ్చు వేస్తుంది. కింద కొక్కెం ఆ ఉచ్చుని అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. పైదారం, కిందిదారం ముడిపడగానే పళ్ళు బట్టని ముందుకి జరుపుతాయి. అన్నీ ఒకే చక్రానికి కట్టుబడి పనిచేస్తాయి. దాచుకున్న రహస్యమంటూ ఏదీ లేదు. అడుగున ఉచ్చులు పడ్డాయా, పైదారం వదులయింది. కుట్టు తప్పిందా, సూది మొద్దుబారింది, లేదా సరిగా ఎక్కలేదు. కుట్టేవాళ్ళే దానికి వైద్యులు కూడా!

కృష్ణానగర్లో కాస్ట్యూమ్స్ విభాగంలో పనిచేసే ఓ పెద్దాయన ఉన్నారు. అందరం బాబాయ్ అంటాం. ఆయనకి ఈ కథ చెబితే నవ్వారు. “అవుట్‌డోర్ కెళితే నాకు చేతిమిషనే బాబూ. జనరేటరు ఉన్నా లేకపోయినా హీరోగారి చొక్కా చిరిగితే మరుసటి షాట్‌లోగా కుట్టివ్వాలిగా! ఎంబ్రాయిడరీ అంటావా, కంప్యూటర్ మిషను ముందు నేనెంత?” అన్నారు. ఎవరి గొప్ప వాళ్ళకి ఇచ్చే మనిషి.

అన్నట్టు, యంత్రాలంటే గిట్టదని పేరుపడ్డ గాంధీగారు కూడా 1924లో సింగర్ కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన మాట. ఆ గాంధీగారి మీద తీసిన సినిమాకే దుస్తుల రూపకల్పనకి, జాన్ మోలోతో కలిసి, భాను అథైయా 1983లో ఆస్కార్ అందుకున్నారు. మన దేశానికి వచ్చిన తొలి ఆస్కార్ బట్టల పనికేనండీ!

నేనూ ప్రేమతోనే కొన్నాను. కానీ అమ్మకేం కావాలో అడక్కుండా కొన్నాను.

కొత్త మిషను ఐదు వారాలకి తిరిగొచ్చింది. చీరల పీకోలకి, కాజాలకి దాన్ని వాడుతోంది. మోకాళ్ళ సంగతంటారా, పాతదానికే పక్కన చిన్న మోటారు బిగించాం. కరెంటు పోతే బెల్టు తగిలించి తొక్కుకోవడమే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగాను: “అదంటే ఎందుకే నీకంత ఇష్టం?”

అమ్మ తలెత్తకుండానే, “ఇది ఆగితే ఎందుకాగిందో నాకు తెలుస్తుందిరా. అది ఆగితే నిన్ను పిలవాలి. నువ్వేమో హైదరాబాదులో ఉంటావు” అంది.